తన తప్పు చెప్పు గడియారము

నమ్మదగినవాడెవడు? ఎన్నడును తప్పు చేయనివాడా, చేసిన తప్పును దాచనివాడా? ఈ ప్రశ్న నడిగినచో మనలో పెక్కండ్రు మొదటివానినే చూపుదురు. తప్పులేనితనమే గౌరవమునకు మూలమను భావము మన యిండ్లలోను, బడులలోను, కచ్చేరీలలోను గట్టిగా పాతుకొని యున్నది. అందువలననే తండ్రి బిడ్డల యెదుట, గురువు శిష్యుల యెదుట, అధికారి ప్రజల యెదుట తన పొరపాటును కప్పిపుచ్చుకొనుట మర్యాదగా చెల్లుచున్నది. ఈ భావము సరియైనదా కాదా యని విచారించుటకు మేమిప్పుడు పురాణకథను గాని, నీతిశ్లోకమును గాని యాశ్రయింపము. చదువరుల చేతిలో నిత్యము మెలగుచు దారి చూపుచున్న చిన్న యంత్రమును, దాని వెనుక ఆకాశమున తిరుగుచున్న గడియారములను పరిశీలింతము. నీతివిషయమున గడియారము గూడ గురువు కాగలదని మా నమ్మకము.

దారికిని కాలమునకును గల సంబంధము క్రొత్తది కాదు. భూమి 24 గంటలలో 360 అంశలు తిరుగును గనుక, రెండు చోట్ల కాలములకు నాలుగు నిమిషముల భేదమున్నచో ఆ చోట్ల నడుమ ఒక్క అంశ రేఖాంశభేద మున్నదన్నమాట. సముద్రము నడుమ నున్న నావికుడు సూర్యుని చూచి తానున్న చోటి కాలమును తెలిసికొనగలడు. కాని బయలుదేరిన రేవులో ఇప్పుడెంత ప్రొద్దైనదో తెలియనిదే తన రేఖాంశము తెలియదు. నాలుగు సెకండ్లు తప్పినచో భూమధ్యరేఖ యొద్ద ఒక నాటికల్ మైలు దారి తప్పును. ఈ చిక్కు తీర్చినవారికి గొప్ప బహుమాన మిత్తుమని ఆంగ్ల పార్లమెంటు 1714లో శాసనము చేసెను. వడ్రంగి కుటుంబమున పుట్టిన జాన్ హారిసన్ చేసిన గడియారము 1761లో జమైకాకు ఓడపై బయలుదేరి, 81 దినముల పిమ్మట ఐదు సెకండ్లు మాత్రమే తప్పినది. ఇక్కడ చదువరులు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఆ గడియారము దినదినమును కొంత వెనుకబడుచునే యుండెను. ఎంత వెనుకబడునో ముందుగానే కొలిచి వ్రాసిపెట్టిరి. ఆ లెక్కను సరిచూచిన పిదప మిగిలిన తప్పు ఆ యైదు సెకండ్లు. నాటినుండియు నావికుడు గడియారమునుండి కోరినది తప్పకుండుట కాదు; తప్పిన తప్పు నిలుకడగా నుండుటయు, అది తనకు తెలిసియుండుటయు.

నేడు ఆ నావికుని గడియారము ఆకాశమున కెక్కినది. అమెరికావారి జి.పి.ఎస్. ఉపగ్రహములు భూమికి ఇంచుమించు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగుచు, ఒక్కొక్కటియు పరమాణు గడియారములను మోయుచు, 'నేను బయలుదేరినది ఈ క్షణమున' అను సందేశమును రేడియో తరంగముల మీద పంపుచుండును. అది మనయొద్దకు చేరుటకు పట్టిన కాలమునుబట్టి దూరమును లెక్కకట్టుదురు. కాంతి సెకనులో నూఱుకోట్లవ వంతు కాలములో 30 సెంటీమీటర్లు పోవును. కనుక గడియారము సెకనులో పదిలక్షలవ వంతు తప్పిన యెడల దూరము 300 మీటర్లు తప్పును. ఏ గడియారమును ఎల్లకాలము ఇంత ఖచ్చితముగా నడువదు. అందుచేత భూమిపై పలుచోట్ల నున్న కేంద్రములు ప్రతి ఉపగ్రహమును కనిపెట్టి చూచి, దాని గడియార మెంత తప్పుచున్నదో కొలిచి, ఆ లెక్కను దానికే పంపుదురు. ఉపగ్రహము ఆ లెక్కను దాచుకొనదు. 'నా గడియారము ఇంత ముందున్నది. ఈ చొప్పున జాఱుచున్నది. దిద్దుకొని చదువుడు' అని తన సందేశములోనే లోకమంతటికిని చాటుచుండును. లోకులందఱు నమ్మి నడచుచున్న ఈ మార్గదర్శి, ప్రతి అరనిమిషమునకును ఒకసారి తన తప్పును తానే చెప్పుకొనుచున్నది! దానివలన దాని గౌరవమునకు లోపము కలిగినదా? ఆ చెప్పుకొనుటవలననే గదా అది నమ్మదగినదైనది.

మన చేతిలోని యంత్రము సంగతి యింకను వినదగినది. అందులోని గడియారము చవుకైన స్ఫటిక గడియారము. మన స్థానమును తెలిసికొనుటకు మూడు ఉపగ్రహముల దూరములు చాలునని గణితము చెప్పును. అయినను నాలుగవదానిని గూడ సంప్రదింపక తప్పదు. ఏలన, తన గడియారపు తప్పెంతయో ఆ యంత్రమునకు తెలియదు. తెలియదని దానిని చేసినవారికి తెలియును. తానెంత తప్పుచున్నానను ప్రశ్నను గూడ తెలియని రాశిగా చేర్చి, నాలుగు సమీకరణములతో సాధించును. పదిమందిని సంప్రదించిన సామాన్యుడు, ఎవరిని సంప్రదింపని పండితునికన్న సత్యమునకు చేరువగా నుండునని చెప్పుటకు ఇంతకన్న మంచి దృష్టాంతము మాకు తోచుట లేదు.

ఇక రెండవ వైపు చూతము. 1990వ సంవత్సరమునుండి 2000 వఱకు ఆ ఉపగ్రహములే సామాన్యజనులకు పంపు సంకేతములలో బుద్ధిపూర్వకముగా తప్పు కలిపిరి. శత్రువు లుపయోగించుకొందురను భయముతో అమెరికా సేనావారు గడియారపు సంకేతమును కొలది కొలదిగా ఊపి విడుచుచుండిరి. దానివలన సామాన్యుని స్థానము నూఱు మీటర్ల వఱకును తప్పుచుండెను. తప్పు కలదని వారు దాచలేదు. నూఱు మీటర్ల వఱకు తప్పవచ్చునని బహిరంగముగనే ప్రకటించిరి. కాని ఈ క్షణమున, ఈ ఉపగ్రహమున, తప్పు ఎంతయో మాత్రము చెప్పలేదు. తప్పున్నదని చెప్పుట వేఱు, తప్పెంతయో చెప్పుట వేఱు. 'మేమును మనుష్యులమే, మాకును పొరపాట్లుండును' అని సభలలో వినయముగా పలుకువారిని మనము తఱచుగా చూచుచున్నాము. ఏ దినమున, ఎవరి విషయమున, ఏమి పొరపాటు జరిగినదని యడిగినచో వారికి కోపము వచ్చును. అట్టి వినయము దిద్దుబాటునకు పనికిరాదు. ఈ కథలో మఱియొక వింత కలదు. తెలిసిన చోట ఒక యంత్రమును నిలిపి, అది చూపిన స్థానమునకును అసలు స్థానమునకును గల భేదమును పరిసరముల ఓడలకు చాటు పద్ధతి నొకదానిని అమెరికా తీరరక్షక దళమువారు నడపిరి. ఒక ప్రభుత్వములోనే ఒక శాఖ కల్పించిన తప్పును మఱియొక శాఖ దిద్దుచు వచ్చినది! తుదకు 2000 మే నెల 1వ తేదీన అధ్యక్షుడు క్లింటన్ ఆ కల్పితదోషమును నిలిపివేయుచున్నట్లు ప్రకటించెను. ఇకమీద నిర్మించు ఉపగ్రహములలో అట్టి యేర్పాటే యుండబోదని 2007లో ఆ ప్రభుత్వము తెలిపినది. గడియారములు నాటికి నేటికి ఒక్కటే జాతివి. మాఱినది వానిని నడపువారి సంకల్పము.

ఇప్పుడు శాస్త్రజ్ఞులు ఇంతకంటె ఎన్నో రెట్లు సూక్ష్మములగు గడియారములను సిద్ధపఱచుచున్నారు. 1967 నుండి మన సెకనునకు కొలత సీసియము పరమాణువు చేయు 919,26,31,770 స్పందనలు. ఇవి సూక్ష్మతరంగముల జాతివి. క్రొత్త గడియారములు కాంతి స్పందనలనే లెక్కించును. స్ట్రాంషియము పరమాణువునందు ఆ స్పందనలు సెకనునకు నాలుగు కోట్ల కోట్లకు మించును. అంతటి వేగమును లెక్కించుటకు దువ్వెన పండ్లవలె సమానాంతరమున కాంతిరేఖలను పఱచు సాధనమును సిద్ధపఱచుటలో ప్రముఖులైన హాల్, హెన్ష్ అను వారికి 2005లో నోబెల్ బహుమానము లభించినది. ఈ కాంతి గడియారములలో మేలైనవి విశ్వము పుట్టిననాటినుండి నడచియున్నను ఒక్క సెకనైనను తప్పియుండవు. ప్రయోగశాలలలోని యీ గడియారములు గదినిండ నుండును. ఓడలకును ఉపగ్రహములకును సరిపడునట్లు అయోడిను ఆవిరితో పనిచేయు చిన్న కాంతి గడియారములను గూడ చేసిరి. 2022లో అట్టివి మూడింటిని న్యూజీలండు నౌకాదళపు ఓడ మీద ఇరువది దినములు పసిఫిక్ సముద్రమున నడిపి చూచిరి. దినము గడచినను వాని తప్పు సెకనులో నూఱుకోట్లవ వంతులో మూడవ భాగము దాటలేదు. అనగా కాంతి పది సెంటీమీటర్లు పోవునంత కాలమైనను కాదు. ఇట్టివి ఉపగ్రహముల కెక్కినచో, భూమినుండి మాటిమాటికి దిద్దుబాటు పంపవలసిన పని తగ్గును. కేంద్రములతో సంబంధము కొంతకాలము తెగినను దారి తప్పదు.

ఇచ్చటనే మా ప్రశ్న తిరిగి తల యెత్తుచున్నది. దిద్దుబాటు అక్కఱలేని గడియారము దొరకిన పిమ్మట, దిద్దుకొను వినయముతో పని యేమి? ఖచ్చితత్వము సంపూర్ణమైనపుడు నిజాయితీ వృథా కాదా? మేధావులును, సచ్ఛీలురును అగు కొందఱు మనస్సులో నిట్లే తలంచుచుందురు. తాము చిరకాలము నియమముగా బ్రతికితిమి గనుక ఇతరుల విమర్శతో తమకు పని లేదని వారి యభిప్రాయము.

ఈ వాదమునకు గడియారములే సమాధానము చెప్పుచున్నవి. ఒంటిగా నున్న గడియారము తన తప్పును తానెఱుగదు. రెండున్నచో భేదము తెలియును గాని, తప్పు ఎవరిదో తెలియదు. మూడున్నపుడే తప్పినది బయటపడును. 1831లో బయలుదేరిన బీగిల్ ఓడ 22 గడియారములను మోసికొని పోయినది ఇందుచేతనే. కాంతి గడియార మెంత సూక్ష్మమైనను ఈ న్యాయమునకు లోబడినదే. దాని సూక్ష్మతను లోకము నమ్మినది, దానిని మఱియొక కాంతి గడియారముతో పోల్చి చూచిన పిమ్మటనే.

అంతమాత్రమే కాదు. గడియారము ఎంత సూక్ష్మమైనచో అంతగా తానున్న చోటికి లోబడును. ఎత్తున నున్న గడియారము పల్లమున నున్నదానికంటె వేగముగా నడచునని ఐన్‌స్టీను సిద్ధాంతము. 2010లో అమెరికాలోని ప్రయోగశాలలో ఒక గడియారమును 33 సెంటీమీటర్లు పైకెత్తి, ఆ భేదమును కొలిచిరి. 2022 నాటికి ఒక్క మిల్లీమీటరు ఎత్తులోని భేదమును గూడ గుర్తింపగలిగిరి. జి.పి.ఎస్. ఉపగ్రహముల యెత్తును వేగమును కలిపి లెక్కించినచో వాని గడియారములు దినమునకు సెకనులో పదిలక్షలవ వంతులు 38 ముందుకు పోవును. దానిని దిద్దకున్నచో ఒక్క దినములో చేరు తప్పు కాంతి 11 కిలోమీటర్లు పోవునంత కాలము. 1977లో పంపిన ప్రయోగోపగ్రహములో ఈ దిద్దుబాటునకు మీట యొకటి పెట్టి, మొదట దానిని వేయక ఇరువది దినములు చూచిరి. సిద్ధాంతము చెప్పిన భేదము లక్షకోట్లలో 446.5 వంతులు, కొలిచినది 442.5. అటుపిమ్మట మీట వేసిరి. ఆ గడియారము చెడినది కాదు. తానున్న చోట తాను సరిగానే నడచినది. అయినను క్రిందనున్నవారికి దారి చెప్పవలసిన బాధ్యత వహించినది గనుక, తన యెత్తు వలన కలిగిన భేదమును దిద్దుకొనవలసివచ్చినది. ఉన్నత పదవులలో నున్నవా రీ మాటను కొంత యాలోచింతురు గాక. తమకు తాము సరిగా నడచుచుందురు. ఆ యెత్తున తమ కాలమే వేఱుగా నడచుచున్నదని మాత్రము వారికి స్ఫురింపదు.

అట్లయిన లోకమున కంతటికిని సరియైన కాలము ఎవరి గడియారములో నున్నది? ఎవరి గడియారములోను లేదు. పారిస్ నగర సమీపమున నున్న అంతర్జాతీయ తూనికలు, కొలతల కార్యాలయమువారు ప్రపంచమందలి ప్రయోగశాలలనుండి నాలుగువందలకు పైగా గడియారముల లెక్కలను తెప్పించి, వానిలో నిలుకడగలవానికి ఎక్కువ విలువ నిచ్చి, అన్నింటి నుండియు సరాసరి తీసి లోకకాలమును నిర్ణయింతురు. మన దేశ కాలమును నడపు న్యూఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాల కూడ ఇందు చేరినదే. ప్రతి నెలయును ఆ కార్యాలయము ఒక లేఖను ప్రకటించును. ఏ ప్రయోగశాల కాలము ఎంత ముందున్నదో, ఎంత వెనుకబడినదో అందు పట్టికగా నుండును. ఎవరును దానిని అవమానముగా తలంపరు. ఆ పట్టికలో పేరుండుటయే ఘనతగా భావింతురు. తప్పును బహిరంగముగా లెక్కవేయించుకొనుటయే సభ్యత్వమునకు అర్హతయైన సంఘము లోకములో ఒకటి కలదని తెలిసికొనుట మాకు మిక్కిలి సంతోషదాయకము.

గడియారము మేలైనంతనే దారి అంత మేలగునని భ్రమపడరాదు. సామాన్యుని చేతియంత్రమునకు నేడు కలుగుచున్న తప్పులో పెద్దభాగము పైవాతావరణమున విద్యుత్కణములు సంకేతమును ఆలస్యము చేయుటవలనను, మేడల గోడలకు తగిలి అది తిరిగివచ్చుటవలనను కలుగుచున్నది. కాంతి గడియారము వీనిని మాన్పలేదు. 2019 జూలైలో ఐరోపావారి గెలీలియో మార్గదర్శక సేవ ఇంచుమించు వారము దినములు నిలిచిపోయినది. ఆకాశమున గడియారములు చెడలేదు. భూమిపై వాని కాలమును, కక్ష్యలను లెక్కించి చెప్పు ఏర్పాటు చెడినది. మంచి గడియారములు పైన తిరుగుచునే యున్నవి, కాని వాని తప్పును చెప్పువారు లేనందున వానిని నమ్మి నడచుటకు వీలులేకపోయినది. ఇది తెలిసియే కాబోలు, జర్మను శాస్త్రజ్ఞులు కెప్లర్ అను పేర ప్రతిపాదించిన క్రొత్త ఏర్పాటులో, ఉపగ్రహములు లేజరు కిరణములతో ఒకదానితో నొకటి నిరంతరము కాలమును సరిచూచుకొనవలెనని కల్పించిరి. అతిసూక్ష్మమైన గడియారమును ఏకాంతవాసిని చేయక, పరస్పర సంభాషణలో నిలుపదలచిరి.

ఒక యాక్షేపణ మిగిలియున్నది. ఇతరుల దిద్దుబాటుపై నాధారపడుట దాస్యము కాదా? ఈ యాక్షేపణను మేము తేలికగా త్రోసివేయజాలము. 2013లో మన దేశము పంపిన మొదటి మార్గదర్శక ఉపగ్రహములోని మూడు గడియారములును విదేశమునుండి కొనితెచ్చినవి. కొలది సంవత్సరములలోనే మూడును చెడిపోయినవి. అటుపై అహమ్మదాబాదులోని అంతరిక్ష ఉపయోగ కేంద్రమువారు రుబీడియము గడియారమును స్వయముగా నిర్మించిరి. 2023 మే 29వ తేదీన మన శ్రీహరికోటనుండి ఎగసిన ఎన్.వి.ఎస్.-01 ఉపగ్రహము దానిని మోసికొనిపోయినది. ఇది గర్వింపదగిన పనియే. ఇకముందు కాంతి గడియారములను గూడ మనవారే చేయవలెనని మా కోరిక. కాని స్వతంత్రత యనగా సొంత గడియారము కలిగియుండుట. సరిచూచుకొనక యుండుట కాదు. పోల్చుటకు సొంత గడియారము లేనివాడు ఇతరుడు చెప్పినదెల్ల నమ్మవలసినదే. గడియారముండియు పోల్చనివాడు తన తప్పునే నమ్ముచుండును. మొదటిది దాస్యము, రెండవది అహంకారము. ఈ రెంటికిని నడుమ నున్న దారియే స్వాతంత్ర్యము.

మన పంచాంగము చరిత్ర దీనికే నిదర్శనము. ఆఱవ శతాబ్దమునందు వరాహమిహిరుడు బృహత్సంహితలో, పూర్వశాస్త్రములు దక్షిణాయనారంభమును ఆశ్లేష నడుమ చెప్పినవనియు, తన కాలమున అది కర్కటకాదియందు జరుగుచున్నదనియు వ్రాసి, భేదమును ప్రత్యక్షముగా చూచి నిర్ణయింపుమని చెప్పెను. ఋషుల మాట యైనను ఆకాశముతో సరిచూచుకొమ్మన్న ధైర్యమది. పిమ్మటివారు ఆతని యంకెలను గ్రహించిరి గాని ఆ ధైర్యమును విడిచిరి. సూర్యుడు నిజముగా ఉత్తరమునకు మఱలునది డిసెంబరు 21, 22 తేదీలలో. మనము ఉత్తరాయణ పుణ్యకాలమని స్నానము చేయునది జనవరి 14, 15 తేదీలలో. మేఘనాథ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన సంఘము ఈ భేదమును విప్పి చెప్పినది. దాని సూచన ననుసరించి 1957 మార్చి 22 నుండి జాతీయ పంచాంగము నడచుచున్నది. అయినను మన యిండ్లలో దానిని తెఱచి చూచువా రెందఱు? పండుగ నే దినమున చేసికొన్నను మాకు విరోధము లేదు. రాశిగణనమును పాటించుట ఒక సంప్రదాయము. ఇరువది మూడు దినముల క్రిందటనే మఱలిన సూర్యుని నేడే మఱలినాడని బిడ్డలకు బోధించుట మాత్రము తప్పును దాచుటయే.

కనుక మా నిర్ణయ మిది. ఖచ్చితత్వము గొప్ప గుణమే. దానిని తక్కువ చేయువారు సోమరులు. గడియారము నిలుకడగా నున్నపుడే దాని తప్పును కొలుచుటకు వీలగును. కాని ఖచ్చితత్వము నిజాయితీకి బదులు కాజాలదు. సూక్ష్మత పెరిగిన కొలది చిన్నతప్పు గూడ కానవచ్చును. కానవచ్చిన కొలది చెప్పవలసిన బాధ్యత పెరుగును. ఇది గృహమునకు గూడ వర్తించును. ఇంటిపెద్ద మాట చెల్లుట న్యాయమే. ఆ మాటను ఇల్లాలును, ఎదిగిన బిడ్డలును సరిచూచుటకు వీలుండుటయు న్యాయమే. ముగ్గురు కలిసి కూర్చున్న చోటనే తప్పినదెవరో తెలియును. సంస్కారవాదుల మనిపించుకొను మనకును మినహాయింపు లేదు. పాతయాచారముల తప్పును లెక్కించుటకు కూర్చున్న మన గడియారమును ఎవరు లెక్కించుచున్నారు? మన పట్టిక ఏ నెలలో ప్రకటింపబడుచున్నది?

నేడు రాత్రి భోజనమైన పిమ్మట, ఈ వారములో తన మాట ఎక్కడ తప్పినదో, ఎంత తప్పినదో, ఇంటిపెద్ద యొక్కసారి పేరుపెట్టి ఇంటివారితో చెప్పి చూచుగాక. గౌరవము తగ్గునేమో యను సంశయము ఆ యొక్క ప్రయోగముతో తీఱును.